గెలుపు దగ్గర ఆగిపోయిన సినిమా

ఆటలో ముందున్న పిల్లలను, పాటలో ముందున్న పిల్లలను మన బడిలో అందరూ మెచ్చుకుంటారు. గ్యాదరింగ్ రోజు స్టేజి మీదికి పిలిచి చప్పట్లు కొడతారు. పదో తరగతికి వచ్చేసరికి మాత్రం మాట మారుతుంది. "రెండిట్ల ఏదన్న ఒకటి పట్టుకో" అంటారు. ఏది పట్టుకోవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పట్టుకోని రెండోదాన్ని ఏం చేయాలో చెప్పేవాళ్లు ఉండరు. ఈ ప్రశ్న మీదే తీసిన ఒక పాత ఇంగ్లిష్ సినిమాను మా ఇంగ్లిష్ సర్ ల్యాప్‌టాప్‌లో చూపించారు. అర్థంకాని చోట ఆపి తెలుగులో చెప్పారు. ఆ సినిమాలో నాకు నచ్చినవి, నచ్చనివి రెండూ ఇక్కడ రాస్తున్నాను.

సినిమా పేరు 'చారియట్స్ ఆఫ్ ఫైర్', అంటే అగ్ని రథాలు. 1981లో వచ్చింది. దర్శకుడు హ్యూ హడ్సన్, కథ రాసింది కాలిన్ వెల్లండ్, సంగీతం వాంజెలిస్. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. 1924లో పారిస్‌లో జరిగిన ఒలింపిక్స్‌కు వెళ్లిన ఇద్దరు బ్రిటిష్ పరుగు వీరుల కథ ఇది. ఒకరు హెరాల్డ్ అబ్రహమ్స్. యూదుడు, కేంబ్రిడ్జిలో చదువుతుంటాడు. తనను తక్కువగా చూసేవాళ్లకు గెలిచి జవాబు చెప్పాలని పరుగెత్తుతాడు. రెండో ఆయన ఎరిక్ లిడెల్. స్కాట్లాండ్ మిషనరీల కొడుకు, పుట్టింది చైనాలో. పరుగు తనకు దేవుడిచ్చిన వరమని నమ్ముతాడు. చివరికి చైనాకు పోయి దేవుని పని చేయాలన్నది ఆయన నిర్ణయం. నూరు మీటర్ల పోటీలో మొదటి పరుగు ఆదివారం నాడు పడుతుంది. ఆదివారం దేవునిది, ఆ రోజు పరుగెత్తనంటాడు లిడెల్. పెద్దపెద్దవాళ్లు కూర్చోబెట్టి నచ్చజెప్పినా వినడు. నూరు మీటర్లలో అబ్రహమ్స్ 10.6 సెకన్లలో గెలుస్తాడు. లిడెల్ నాలుగు వందల మీటర్లు పరుగెత్తి, 47.6 సెకన్లలో బంగారు పతకం తెస్తాడు. ఈ గెలుపులు నిజంగా జరిగినవే.

ముందు మంచి చెప్తాను. ఈ సినిమాలో విలన్ లేడు. మన సినిమాల్లో ఆట కథ అంటే ఎదురుగా ఒక చెడ్డ టీమ్, ఒక చెడ్డ సెలెక్టర్ ఉండాల్సిందే. ఇక్కడ అబ్రహమ్స్‌కు, లిడెల్‌కు మధ్య పగ లేదు. ఇద్దరూ పరుగెత్తుతారు, కారణాలు మాత్రం వేరు. ఎవరి కారణం గొప్పదో సినిమా తీర్పు చెప్పదు. రెండోది పరుగును చూపించిన తీరు. లిడెల్ పాత్ర వేసిన ఇయాన్ చార్ల్‌సన్ చివరి అడుగుల్లో తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి పరుగెత్తుతాడు. అట్లా పరుగెత్తొద్దని మా పీటీ సర్ రోజూ తిడతారు. అసలు లిడెల్ కూడా అట్లాగే పరుగెత్తేవాడట. ఆ మొహం చూస్తే పాటలో మునిగినవాళ్ల మొహం గుర్తొస్తుంది. పరుగు, ప్రార్థన ఒకే మనిషిలో ఉండొచ్చని ఒక్క మాట చెప్పకుండా ఆ దృశ్యం చూపించింది. మూడోది సంగీతం. కథ 1924 నాటిదైనా వాంజెలిస్ ఎలక్ట్రానిక్ సింథసైజర్ మీద వాయించాడు. సముద్రం ఒడ్డున కుర్రాళ్లు బట్టికాళ్లతో పరుగెత్తే దృశ్యానికి వచ్చే ట్యూన్ చాలామంది సినిమా చూడకుండానే విని ఉంటారు. పరుగు గురించి మాటల్లో చెప్పలేనిది ఆ ట్యూన్ చెప్తుంది.

ఇక నచ్చనివి. సినిమాలో లిడెల్‌కు ఆదివారం సంగతి ఫ్రాన్స్‌కు పోయే ఓడ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గుండె గుభేలుమంటుంది. ఇక ఏం చేస్తాడో అని మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. నిజంగా అట్లా జరగలేదు. పోటీల పట్టిక నెలల ముందే వచ్చింది. నూరు మీటర్లు వద్దనుకుని, ఆ నెలలన్నీ రెండు వందలకు, నాలుగు వందలకు సాధన చేశాడు. ఆదివారం పడిన రిలే పరుగులు కూడా వదులుకున్నాడు. రెండు వందల మీటర్లలో ఆయనకు కాంస్యం వచ్చింది, అది సినిమాలో లేదు. నాలుగు వందల పోటీలో తన చోటును ఒక లార్డ్ గారు దయతో వదిలేసినట్టు చూపించారు. అది కల్పన.

సినిమా అన్నాక కొంచెం కల్పించరా అని మా దోస్తులు అడిగారు. కల్పించొచ్చు. కానీ ఈ కల్పన వల్ల మనకు తప్పు అర్థం పోతుంది. నిర్ణయం అంటే ఒక్క నిమిషంలో, ఓడ మెట్ల మీద, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో జరిగేదని అనుకుంటాం. ధైర్యంగా 'కాదు' అంటే చాలు, ఎవరో ఒకరు వచ్చి దారి చూపిస్తారనుకుంటాం. లిడెల్‌కు ఎవరూ చోటు ఖాళీ చేసి ఇవ్వలేదు. ఒకటి వదిలి, ఇంకొక కష్టమైన దాన్ని నెలల తరబడి నేర్చుకున్నాడు. నూరు మీటర్లవాడికి నాలుగు వందలు ఎంత కష్టమో పరుగెత్తేవాళ్లను అడగండి. మూడు వందలు దాటాక తొడలు కట్టెల్లా బిగుసుకుంటాయి. ఆ సాధన చూపించి ఉంటే, వద్దని చెప్పడం వెనక ఎంత పని ఉంటుందో మాలాంటి పిల్లలకు తెలిసేది.

ఇంకొకటి, చెల్లెలు జెన్నీ పాత్ర. అన్న పరుగుల్లో పడి దేవుని పని మరచిపోతున్నాడని ఆమె బాధపడుతుంది. ఆమెకు ఆ ఒక్క పనే ఉంది. నిజమైన జెన్నీ తాను అన్న పరుగుకు అడ్డుచెప్పలేదని తర్వాత చెప్పింది. కథలో అడ్డంకి కావాలి కాబట్టి ఇంటి ఆడపిల్లను అడ్డం పెట్టారు. ఇది మన సినిమాల్లో కూడా ఉన్న జబ్బే. ఇంట్లోవాళ్లు భయపడితే వాళ్ల భయానికి కారణం ఏమిటో చూపించాలి. ఉత్తగా అడ్డుపడేవాళ్లను చేస్తే ఆ పాత్ర బొమ్మ అయిపోతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం ముగింపు. లిడెల్ గెలుస్తాడు, భుజాల మీద ఎత్తుకుంటారు, ఇంటికి తిరిగొస్తారు, జనం చప్పట్లు. ఆ తర్వాత చైనాకు పోయి అక్కడే చనిపోయాడని తెర మీద నాలుగు అక్షరాలు వేసి అయిపోయిందంటారు. ఆటనా, సేవనా అన్న ప్రశ్నతో సినిమా మొత్తం నడిపించి, సేవ అన్న సగాన్ని చూపించకుండానే లైట్లు వేశారు. భోజనానికి పిలిచి పప్పు దగ్గరే లేపినట్టుంది.

ఆ సగంలో ఏముందో చెప్తాను. 1925లో లిడెల్ చైనాకు పోయాడు. తియాన్‌జిన్‌లో ఒక కాలేజీలో సైన్స్ చెప్పాడు, పిల్లలకు ఆటలు నేర్పాడు. అక్కడ కూడా పోటీల్లో పరుగెత్తాడు. అంటే ఆట మానేయలేదు, ఆట చోటు మారింది. తర్వాత ఊర్లలో సేవకు పోయాడు. జపాన్ సైన్యం వచ్చాక, 1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడాకు పంపించి తాను అక్కడే ఉన్నాడు. మూడో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. 1943లో జపాన్‌వాళ్లు ఆయనను వైషియెన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకు పాఠాలు చెప్పాడు, ఆటలు ఆడించాడు. పిల్లలు ఆయనను అంకుల్ ఎరిక్ అనేవాళ్లు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో గడ్డతో ఆ శిబిరంలోనే చనిపోయాడు. అప్పటికి వయసు 43.

ఆ శిబిరంలో జరిగిన ఒక సంగతి నాకు ఒలింపిక్స్ కంటే పెద్దదనిపించింది. ఆదివారం నాడు పిల్లలు హాకీ ఆడుకుంటామన్నారు. లిడెల్ రాలేదు, ఆదివారం కదా. రిఫరీ లేకపోయేసరికి ఆట కొట్లాటగా మారింది. మరుసటి ఆదివారం లిడెల్ మైదానంలో ఉన్నాడు, రిఫరీగా. ఏ ఆదివారం కోసం ఒలింపిక్స్ నూరు మీటర్లు వదిలేశాడో, ఆ ఆదివారాన్నే కొట్లాడుకునే పిల్లల కోసం వదిలేశాడు. దేశం మొత్తం అడిగితే ఇవ్వనిది పిల్లలకు ఇచ్చాడు. తన కోసం, పేరు కోసం అయితే నియమం కదలలేదు. ఎదుటివాళ్ల అవసరం కోసం కదిలింది. ఈ దృశ్యం లేకుండా లిడెల్ కథ చెప్తే, ఆయన మొండివాడని మాత్రమే చూసినవాళ్లకు గుర్తుంటుంది.

ఆట, పాట రెండూ ఉన్న ఇంకొక మనిషి గురించి కూడా చెప్పాలి. జింబాబ్వే బౌలర్ హెన్రీ ఒలోంగా. మా బాపు ముందు ఆ పేరు చెప్పగానే "షార్జాల సచిన్ చితక్కొట్టిండు గదా, ఆయనేనా?" అన్నాడు. అది 1998 సంగతి. 1999 వరల్డ్ కప్‌లో అదే ఒలోంగా ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీసి ఇండియాను 3 పరుగులతో ఓడించాడని చెప్తే బాపు కొంచెంసేపు మాట్లాడలేదు. 2003 ఫిబ్రవరి 10న, హరారేలో నమీబియాతో మ్యాచ్‌లో ఒలోంగా, ఆండీ ఫ్లవర్ చేతికి నల్ల పట్టీ కట్టుకొని ఆడారు. తమ దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోతున్నదని అట్లా చెప్పారు. దాంతో ఒలోంగా దేశం విడిచి పోవలసి వచ్చింది, అంతర్జాతీయ క్రికెట్ కూడా అయిపోయింది. బడిలో ఉన్నప్పటినుంచే పాడేవాడు, క్రికెట్ ఆడుతున్న రోజుల్లోనే దేశం మీద పాట రికార్డు చేశాడు. 2019లో ఆస్ట్రేలియాలో 'ది వాయిస్' పాటల పోటీలో పాడితే జనం లేచి నిలబడ్డారు. ఆయన ఆట వదిలి పాట ఎంచుకున్నాడని చెప్పలేం. ఆటను ఆయన దగ్గరినుంచి లాక్కున్నారు, పాట మిగిలింది. రెండోదాన్ని పూర్తిగా వదిలేసి ఉంటే ఏం మిగిలేదని ఆలోచిస్తే భయమేస్తుంది.

మన తెలుగులో పరుగు పందెం కథలు కొత్తవి కానీ, కొలువా కీర్తనా అన్న కథ చాలా పాతది. భద్రాచలం గోపన్న తహశీల్దారు. గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు, కీర్తనలతో రామదాసు అయ్యాడు. మన ఊరి పక్కనుంచి పోయే గోదావరే ఆ గుడి ముందు నుంచి కూడా పోతుంది. త్యాగరాజు రాజుగారి పిలుపు కాదన్నాడని చెప్పుకుంటారు. చర్చిల్లో ఇప్పటికీ పాడే పురుషోత్తమ చౌదరి కీర్తనలకు పైన రాగం, తాళం రాసి ఉంటాయి. వీళ్లను మనం పూజిస్తాం. కానీ చూడండి, వదిలినవాళ్లు చనిపోయి వందల ఏళ్లయితేనే మనకు ఇష్టం. పక్కింటి పిల్ల పాట కోసం నౌకరీ వద్దంటే "పిచ్చి లేసిందా" అంటాం. కథ చెప్పేవాళ్లు ఇంటి ఖర్చు గురించి చెప్పకపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం. లిడెల్‌కు కాలేజీలో పంతులు పని ఉండేది. అది సినిమాలో ఒక్క దృశ్యంలో ఉన్నా అమ్మానాన్నలు ఈ సినిమాను ఇంకొక రకంగా చూసేవాళ్లు. ఈ కథలన్నిట్లో నాకు పోతన నచ్చుతాడు. రాజులకు భాగవతం ఇవ్వనన్నాడు, కానీ నాగలి వదల్లేదని చెప్తారు. పొలం తిండి పెట్టింది, పద్యం తన ఇష్టం ప్రకారం నడిచింది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ఈ సినిమా నాకు ఉత్త సినిమా కాదు. నేను ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతాను. మన గడ్చిరోలి జిల్లాలో పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తే పిల్లలను చూస్తే ఒలింపిక్స్ అని ఎవరూ అనుకోరు, పోలీస్ భర్తీ అనుకుంటారు. భర్తీలో ఆడపిల్లలకు 800, మగపిల్లలకు 1600 మీటర్లు. ఆటగాళ్లకు సర్కారు కొలువుల్లో అయిదు శాతం రిజర్వేషన్ కూడా ఉంది. బాపు లెక్క అదే. క్రీడా ప్రబోధినికో, ఏదైనా స్పోర్ట్స్ హాస్టల్‌కో పోవాలి, అక్కడినుంచి భర్తీకి పోవాలి. మా ఇంట్లో నెల జీతం తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. బాపు లెక్క తప్పని నేను అనలేను.

రెండోది, ఆదివారం మా చర్చిలో హార్మోనియం నేను వాయిస్తాను. పాటల జట్టులో మేం అయిదుగురం. ముందు నేర్పిన అక్క పెండ్లయి సిరొంచ అవతలికి పోయింది. పాత కీర్తనల రాగాలు ఇప్పుడు నాకు, ఒక ముసలి తాతకు మాత్రమే వచ్చు. తాతకు చూపు ఆనడం లేదు. నేను హాస్టల్‌కు పోతే ఆ పాటలకు స్పీకర్‌లో ట్రాక్ పెట్టుకోవాలి. అమ్మ ఇది బయటికి అనదు. ఆదివారం పొద్దున హార్మోనియం మీది గుడ్డ తీసి, తుడిచి, నా ముందు పెడుతుంది. పోయిన ఏడు ఒక సెలెక్షన్ పోటీ ఆదివారం వచ్చింది, నేను పోయి పరుగెత్తాను. ఆ వారం చర్చిలో ట్రాక్ పెట్టారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

మన రాష్ట్ర బోర్డు పదో తరగతిలో ఆటలకు అదనపు మార్కులు ఇస్తుంది. శాస్త్రీయ సంగీతానికి, జానపద కళలకు, చిత్రకళకు కూడా ఇస్తుంది. చర్చిలో పాడితే, గుడిలో భజన చేస్తే మార్కులు లేవు. ఉండాలని నేను కోరడం లేదు. మార్కులు లేని పని ఒకటి జీవితంలో ఉండటం మంచిదే. కానీ మార్కులు, కొలువు ఉన్న పని ఎప్పుడూ బరువుగా కనిపిస్తుందని, లేని పని తేలికగా కనిపిస్తుందని తెలుసుకొని తూకం వేయాలి. సినిమా ఈ తూకాన్ని సులువు చేసేసింది. లిడెల్ గెలిచాడు కాబట్టి ఆయన నిర్ణయం సరైనదని మనకు అనిపిస్తుంది. నాలుగు వందల్లో ఓడిపోయి ఉంటే? అప్పుడు కూడా ఆ నిర్ణయం సరైనదే కదా! ఓడినా నిలబడే నిర్ణయాన్ని గెలుపుతో రుజువు చేయడం ఈ సినిమా చేసిన పెద్ద పొరపాటు అని నేనంటాను.

"రెండు పడవల మీద కాలు పెట్టొద్దు" అని సామెత. వంతెనలు రాకముందు, వాగులో, నదిలో రెండు పడవలను పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి బండ్లను దాటించేవాళ్లని మా తాత చెప్తాడు. కట్టని పడవల మీద కాళ్లు పెడితే పడతాం, నిజమే. గట్టిగా కట్టినవాళ్లు బండిని కూడా దాటించారు. లిడెల్ తియాన్‌జిన్‌లో చేసింది ఆ కట్టడమే. పరుగును సేవలోకి తీసుకుపోయాడు. అది అందరికీ కుదురుతుందని చెప్పను. ముందు కట్టి చూడాలి కదా, కట్టకముందే ఒక పడవను నీళ్లలో వదిలేయమనడం ఎందుకు?

విద్యార్థులు ఈ సినిమా తప్పకుండా చూడాలి. రెండు గంటలు పడుతుంది, మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టాలి. అమ్మానాన్నలు, టీచర్లు పిల్లలతో కలిసి చూస్తే ఇంకా మంచిది. చూశాక టీవీ కట్టేయకుండా రెండు ప్రశ్నలు అడుక్కోండి. గెలిచిన మరునాడు లిడెల్ ఏం పని మీద లేచాడు? ఆ పనికి అన్నం ఎక్కడినుంచి వచ్చింది? సినిమా ఈ రెండూ చెప్పలేదు కాబట్టి ఇంట్లో మనమే మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఈ మాట మొదలైంది. హాస్టల్ ఫారం నింపుతానని బాపుకు చెప్పాను. ఫారం వచ్చేలోపల ఏడో తరగతి పిల్లలిద్దరికి హార్మోనియం నేర్పుతానని అమ్మకు చెప్పాను. సరిగమలు అయ్యాయి. మొదటి కీర్తన ఇంకా తప్పుతున్నారు, తాత పక్కన కూర్చొని సరిచేస్తున్నాడు.